బెట్టకు నిలిచే తోట: అలంకరణ గడ్డి, సతతహరిత చెట్లు ఎంచుకుని నాటే పద్ధతి

నీళ్లు తక్కువగా ఉన్నచోట తోట వేయాలనుకునేవారికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, దుబ్బు కట్టి గాలికి ఊగే అలంకరణ గడ్డి. రెండోది, ఏడాది పొడవునా ఆకు నిలుపుకునే సతతహరిత చెట్టు. నర్సరీలో రెండింటినీ చూపించి ‘బెట్టను తట్టుకుంటుంది’ అనే చెబుతారు. ఆ మాటకు రెండింటి విషయంలో ఒకే అర్థం లేదు. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

గడ్డి బెట్టలో పడుకుంటుంది. పైన ఆకు ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, ప్రాణం కుదురులో, వేర్లలో నిలిచి ఉంటుంది, వాన పడగానే పిలకలు వేస్తుంది. సతతహరిత చెట్టుకు ఆ వీలు లేదు. ఆకు ఎప్పుడూ కొమ్మ మీదే ఉంటుంది కాబట్టి ఎండాకాలంలోనూ చలికాలంలోనూ ఎంతోకొంత నీరు ఆవిరవుతూనే ఉంటుంది. మందపాటి ఆకు, దాని మీద మైనపు పూత, ఆలివ్ ఆకు అడుగున కనిపించే వెండిరంగు నూగు, ఇవన్నీ ఆ నష్టాన్ని తగ్గించే ఏర్పాట్లే తప్ప పూర్తిగా ఆపేవి కావు. కాబట్టి వేర్లు చాలినంత దూరం పాకేదాకా, అంటే మొదటి రెండు మూడేళ్లు, ఏ చెట్టూ బెట్టకు నిలవదు. గడ్డికి ఆ శక్తి ఒక పెరుగుదల కాలం గడిస్తే చాలు, వచ్చేస్తుంది. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటికీ ఒకే పైపు నుంచి ఒకే కొలతలో నీళ్లు పెడితే గడ్డి నీళ్లెక్కువై పడిపోతుంది, చెట్టు నీళ్లు చాలక ఎండుతుంది.

ముందు అవసరం తేల్చుకోండి

మొక్కలు చూడడానికి వెళ్లకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఇక్కడ నాకు నీడ కావాలా, చూపుకు అడ్డు కావాలా, వట్టి నేల కప్పాలా, వాలులో మట్టి కొట్టుకుపోకుండా ఆపాలా?

నీడ కావాలంటే చెట్టు తప్ప మార్గం లేదు. పడమటి గోడ మీద సాయంత్రం ఎండ పడకుండా కాసేది చెట్టే. వట్టి నేల కప్పడానికి, వాలు నిలపడానికి గడ్డి మేలు. ముఖ్యంగా వట్టివేరు మూడు మీటర్ల లోతుకు నిట్టనిలువుగా వేరు దించి, గట్టు మీద వరుసగా నాటితే మట్టిని గోడలా పట్టుకుంటుంది. చూపుకు అడ్డు కోసమైతే రెండూ పనికొస్తాయి. మనిషెత్తు పెరిగే గడ్డి రెండో ఏడాదికే తెర కడుతుంది, చెట్ల వరుసకు నాలుగైదేళ్లు పడుతుంది. అయితే గడ్డిని ఏడాదికోసారి నేలబారుగా కోయాలి. కోశాక కొత్త ఆకు ఎదిగేదాకా రెండు నెలలు ఆ తెర ఉండదని ముందే తెలిసుండాలి.

ఇంకో ప్రశ్న నిజాయితీగా వేసుకోండి. ఏడాదిలో మూడు నాలుగు నెలలు తోట గోధుమరంగులో ఉంటే మీ మనసుకు సరేనా? సరే అనుకుంటే గడ్డి మీకు నీళ్లు బాగా మిగులుస్తుంది. ఎప్పుడూ పచ్చగానే ఉండాలని పడుకున్న గడ్డికి నీళ్లు పెడుతూ పోతే, ఆ పొదుపు మొత్తం పోతుంది. అలాంటివారు గడ్డి తగ్గించి చెట్ల వైపు మొగ్గడమే మంచిది.

తప్పు దిద్దుకునే వీలు కూడా లెక్కలోకి తీసుకోండి. గడ్డి దుబ్బు నచ్చకపోతే పారతో లేపి ఇంకోచోట పెట్టవచ్చు. అయిదేళ్ల చెట్టును కదపలేరు. అందుకని చెట్టు చోటు ముందు నిర్ణయించి, మిగిలిన జాగాలో గడ్డి పరుచుకోవాలి. ముందు గడ్డి నింపేసి, ఆ తర్వాత మధ్యలో ఎక్కడో చెట్టు ఇరికించడం దాదాపు ప్రతిసారీ చెట్టుకే చేటు.

నేలను పరీక్షించండి

బెట్టను తట్టుకునే మొక్కలు చాలావరకు నీటి నిలవను తట్టుకోలేవు. కాబట్టి నీరు ఎంత త్వరగా ఇంకుతుందో చూడడం మొదటి పని. 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతున గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అది పూర్తిగా ఇంకిపోయాక మళ్లీ నింపండి. లెక్కకు పనికొచ్చేది ఈ రెండోసారి నింపిన నీరే, ఎందుకంటే పొడిమట్టి మొదటిసారి ఎంతైనా పీల్చేస్తుంది. నిలువుగా ఒక పుల్ల గుచ్చి గంటకు నీటిమట్టం ఎంత దిగిందో కొలవండి.

గంటకు 2.5 నుంచి 7.5 సెం.మీ. దిగితే దాదాపు ఏ మొక్కకైనా సరిపోతుంది. 2.5 కంటే తక్కువైతే బంకమట్టి ఎక్కువగా ఉందన్నమాట. అక్కడ మొక్కలను చుట్టూ నేలకంటే కాస్త ఎత్తున, దిబ్బ మీద నాటాలి. 10 సెం.మీ. దాటితే ఇసుక పాలు ఎక్కువ. ఒక్కసారి పెట్టే నీటి కొలత తగ్గించి, తడుల సంఖ్య పెంచాలి. అడుగున రాయిలాంటి గట్టి పొర తగిలితే అది ఎంత మందం ఉందో గునపంతో పొడిచి చూడండి. పొరను పగలగొట్టి కింది మెత్తటి మట్టిని అందుకోగలిగితే సరే, లేకపోతే పెద్ద చెట్టు ఆలోచన అక్కడ మానుకోండి.

ఎండ లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. అలంకరణ గడ్డి చాలా రకాలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. నీడలో అవి సన్నగా సాగి పడిపోతాయి, పూత తగ్గిపోతుంది. సతతహరిత చెట్టు నీడ ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి, ఇవాళ ఎండ పడే చోటు పదేళ్ల తర్వాత నీడలోకి పోతుందేమో ఊహించుకుని గీసుకోవాలి.

రకాల ఎంపిక

గడ్డిలో రెండు జాతులున్నాయి, ఈ తేడా తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. వెచ్చదనంలో పెరిగేవి ఒక జాతి: వట్టివేరు, ఎరుపు ఊదా ఆకుల ఫౌంటెన్ గడ్డి, గులాబీ పొగమంచులా పూసే పింక్ మ్యూలీ, చలి ప్రాంతాల్లోనూ నిలిచే స్విచ్ గ్రాస్, లిటిల్ బ్లూస్టెమ్, బ్లూ గ్రామా. ఇవి ఎండలు ముదిరాక ఊపందుకుంటాయి, చలిలో పడుకుంటాయి. చల్లదనంలో పెరిగేవి రెండో జాతి: బ్లూ ఫెస్క్యూ, బ్లూ ఓట్ గ్రాస్ లాంటివి. ఇవి చలి తగ్గే రోజుల్లో, వాన చల్లదనంలో పెరిగి, మండే ఎండలో నీరసిస్తాయి. రాత్రుళ్లు కూడా ఉక్కపోసే చోట బ్లూ ఫెస్క్యూ నాటితే ఒకటి రెండేళ్లలో దుబ్బు నడిమి కుళ్లిపోతుంది. నీళ్లు చాలక కాదు, వేడి, తేమ కలిసి దాన్ని చంపుతాయి. ఫొటోలో నీలిరంగు చూసి మనసు పారేసుకోవద్దు.

గడ్డి విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. బెట్టకు తట్టుకునే గుణం, గాలికి విత్తనం చల్లుకునే గుణం కలిస్తే ఆ మొక్క మీ కంచె దాటి పోతుంది. పచ్చి ఆకుల మామూలు ఫౌంటెన్ గడ్డి హవాయి దీవుల్లో ఇలాగే అడవి పట్టి, కార్చిచ్చులకు మేతగా మారింది. పంపస్ గడ్డి కాలిఫోర్నియాలో, న్యూజిలాండ్‌లో కలుపుగా స్థిరపడింది. రెల్లుగడ్డి పూత ఎంత తెల్లగా ఉన్నా తోటలోకి తేకండి. అది విత్తనంతోనూ, నేల అడుగున పాకే దుంపకాండంతోనూ వ్యాపిస్తుంది, తవ్వినకొద్దీ మిగిలిన ముక్క నుంచి మళ్లీ లేస్తుంది. కొనేటప్పుడు రెండు మాటలు అడగండి: ఇది దుబ్బు కడుతుందా, పాకుతుందా? గింజ కడుతుందా? ఎర్ర ఫౌంటెన్‌లో రూబ్రమ్ అనే రకం, తోటల కోసం పెంచే వట్టివేరు గింజ కట్టి మొలవడం చాలా అరుదు. వాటిని పిలకలు చీల్చి పెంచుతారు. తోటకు అలాంటివే తగినవి.

చెట్లలో మీ వాతావరణాన్ని బట్టి ఎంచుకోండి. మంచు పడని వేడి ప్రాంతాలకు వేప, కానుగ, పొగడ బాగుంటాయి. ఉప్పుగాలి, ఇసుకనేల ఉన్నచోట సరుగుడు, పొన్న నిలబడతాయి. చలికాలంలో వానలు పడి ఎండాకాలం పొడిగా సాగే ప్రాంతాలకు ఆలివ్, కారబ్, హోమ్ ఓక్, ఇటాలియన్ సైప్రస్ అచ్చంగా సరిపోతాయి. మంచు గడ్డకట్టే చోట జునిపర్లు, చలిని ఓర్చే పైన్ రకాలు వాడండి.

సతతహరితం అంటే ఆకు రాలదని కాదు. ఒక్కో ఆకు ఏడాది నుంచి కొన్నేళ్ల దాకా ఉండి, ముదురాకులు విడతలవారీగా రాలుతుంటాయి. వేప, కానుగ పొడి కాలంలో కొన్నాళ్లు దాదాపు బోసిపోయి, వెంటనే కొత్త చిగురు వేస్తాయి. అది రోగం కాదు, కంగారుపడి నీళ్లు గుమ్మరించవద్దు. ఏడాదిలో ఒక్క రోజు కూడా ఆకు పలచబడకూడదనుకుంటే పొగడ లాంటిది ఎంచుకోండి. పొగడ మెల్లగా పెరుగుతుంది, అదొక్కటే దానిలో ఓర్చుకోవాల్సిన విషయం. చిన్న జాగాలో మెల్లగా పెరగడం లోపమేమీ కాదు.

నర్సరీలో పొడవాటి మొక్క వైపు చెయ్యి పోకుండా చూసుకోండి. మీటరు, మీటరున్నర ఎత్తులో, కాండం కింద లావుగా పైకి సన్నబడుతూ, ఊతకర్ర లేకుండా నిలబడే మొక్క తీసుకోండి. సంచి అడుగున రంధ్రాల నుంచి లావు వేర్లు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే ఆ మొక్క అక్కడే ఎక్కువ కాలం ఉండిపోయిందని అర్థం. లోపల వేర్లు చుట్లు తిరిగి ఉంటాయి. చిన్న మొక్క పెద్ద మొక్క కంటే త్వరగా నాటుకుంటుంది, కొన్నేళ్లలో దాన్ని అందుకుంటుంది కూడా.

దూరాలు గీయండి

చెట్టు వేర్లు నేరుగా పాతాళానికి దిగుతాయని చాలామంది నమ్మకం. నిజానికి చాలా చెట్లలో నీరు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా పై 60 సెం.మీ. మట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి చాలా దూరం అడ్డంగా పాకుతాయి. గడ్డి పీచువేర్లు కూడా చిక్కగా అల్లుకునేది ఆ పొరలోనే. అంటే రెండూ ఒకే గిన్నెలో తింటున్నాయి. పెద్ద చెట్టు ఈ పోటీలో గెలుస్తుంది, పసిచెట్టు ఓడిపోతుంది. మొదలు దగ్గర గడ్డి ఉన్న చిన్న చెట్టు, గడ్డి లేని చెట్టు కంటే బాగా వెనకబడుతుంది.

కాబట్టి చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు వ్యాసార్ధంలో గీత గీసి, మొదటి మూడేళ్లు ఆ గీత లోపల ఏ గడ్డీ నాటకండి. తర్వాత కూడా వట్టివేరు లాంటి భారీ దుబ్బులను రెండు మీటర్లకు ఇవతలికి రానివ్వకండి.

గోడలకు, పైపులకు దూరం చెట్టు ముదిరిన పరిమాణాన్ని బట్టి ఉండాలి. 8 మీటర్ల లోపు పెరిగే చెట్టును గోడకు కనీసం 3 మీటర్ల దూరంలో, మధ్యరకాన్ని 5 మీటర్ల దూరంలో, వేప, కానుగ లాంటి పెద్ద చెట్లను 8 నుంచి 10 మీటర్ల దూరంలో పెట్టండి. పైన కరెంటు తీగలు ఉంటే వాటి కింద చెట్టు వద్దు, గడ్డి పెట్టండి. పాతబడిన మురుగు పైపు పక్కన వేర్లు విపరీతంగా పాకే చెట్లు నాటితే పగుళ్లలోంచి వేరు దూరి పైపు పూడుకుపోతుంది. త్వరగా పచ్చని గోడ కడుతుందని నాటే కోనోకార్పస్ ఈ విషయంలో పేరుమోసింది.

గడ్డి దుబ్బుల మధ్య దూరం, ఆ రకం పూర్తిగా పెరిగాక ఉండే వెడల్పుకు సమానంగా పెట్టుకోండి. బ్లూ ఫెస్క్యూ లాంటి పొట్టివాటికి 30 సెం.మీ., పింక్ మ్యూలీ, ఫౌంటెన్ లాంటివాటికి 60 నుంచి 75 సెం.మీ., మనిషెత్తు రకాలకు 120 సెం.మీ. లెక్క ఇలా వేయండి: 60 సెం.మీ. దూరంలో ఒక్కో దుబ్బుకు 0.36 చదరపు మీటరు పడుతుంది, అంటే 10 చదరపు మీటర్ల మడికి 28 మొక్కలు చాలు. మొదటి ఏడాది ఖాళీగా కనిపిస్తుందని రెట్టింపు నాటితే, మూడో ఏడాదికి దుబ్బులు ఒకదాన్నొకటి తొక్కేసి నడుమ కుళ్లు మొదలవుతుంది.

కార్చిచ్చు భయం ఉన్న ప్రాంతమైతే ఇంకో నియమం ఉంది. ఎండిన గడ్డి దుబ్బు త్వరగా అంటుకుంటుంది, సైప్రస్, జునిపర్, పైన్ జిగురు ఉన్న చెట్లు కాబట్టి గట్టిగా మండుతాయి. చెట్టు కింది కొమ్మల కింద గడ్డి పెడితే మంటకు నిచ్చెన వేసినట్టే. ఇంటి గోడ చుట్టూ ఒకటిన్నర మీటరు మేర రాళ్లో కంకరో పరిచి, అక్కడ గడ్డి గానీ జిగురు చెట్లు గానీ పెట్టకండి.

చెట్టు నాటడం

కాలం: వానలు మొదలయ్యే రోజులు. చలికాలం వానల ప్రాంతాల్లో ఎండలు తగ్గి మొదటి వాన పడ్డాక. వేర్లకు తడినేలలో కనీసం మూడు నెలల వ్యవధి దొరకాలి, ఆ తర్వాతే మొదటి బెట్ట రావాలి.

గుంత వెడల్పు, సంచిలో వేర్లను పట్టుకుని ఉన్న మట్టిముద్ద వెడల్పుకు రెండు మూడు రెట్లు ఉండాలి, లోతు మాత్రం మట్టిముద్ద ఎత్తుకు మించకూడదు. లోతుగా తవ్వి అడుగున వదులు మట్టి నింపితే కొన్నాళ్లకు అది కుంగి, చెట్టు మొదలు నేలలోకి దిగిపోతుంది. నేల గట్టిదైతే అడుగు లోతు పెంచే బదులు పక్కలను గునపంతో పొడిచి గరుకు చేయండి. బంకమట్టిలో పారతో నున్నగా చెక్కిన గుంత గోడలు కుండలా గట్టిపడి, వేర్లను లోపలే తిప్పుతాయి.

ప్లాస్టిక్ సంచిని పూర్తిగా చీల్చి తీసేయండి. వేర్లు చుట్లు తిరిగి ఉంటే పదునైన కత్తితో మట్టిముద్ద పక్కలను మూడు నాలుగు చోట్ల పైనుంచి కిందికి రెండు మూడు సెంటీమీటర్ల లోతున కోయండి. ఇది చూడడానికి క్రూరంగా అనిపిస్తుంది గానీ, ఇప్పుడు కోయని చుట్టువేరు పదేళ్ల తర్వాత లావెక్కి చెట్టు మొదలుకే ఉరి బిగిస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన కొలత. కాండం వేరుగా విచ్చుకునే చోటు, అంటే మొదలు కాస్త లావెక్కి వేర్లు చీలే జాగా, నేల పైన కనబడుతూ ఉండాలి. సంచిలో అది మట్టి కింద పూడుకుపోయి ఉంటే పైమట్టి తీసి దాన్ని వెతకండి. బంకనేలలో మట్టిముద్ద పైభాగం చుట్టూ నేలకంటే 3 నుంచి 5 సెం.మీ. ఎత్తున ఉండేలా పెట్టండి. మరీ లోతుగా నాటిన చెట్టు మొదటి రెండేళ్లు బాగానే కనిపించి, మొదలు దగ్గర బెరడు కుళ్లి, కారణం తెలియకుండా పోతుంది.

గుంత నింపేటప్పుడు తవ్వి తీసిన మట్టినే తిరిగి వేయండి. ఎరువు, కంపోస్టు గుంతలో బాగా దట్టిస్తే వేర్లు ఆ మెత్తటి, బలమైన మట్టిని దాటి బయటి నేలలోకి పోవడానికి మొగ్గు చూపవు. బెట్ట వచ్చినప్పుడు ఆ చెట్టు కుండీలో ఉన్నట్టే ఉంటుంది. కంపోస్టు వేయాలనుకుంటే నాటాక పైన పలచగా పరచండి. సగం మట్టి వేసి నీళ్లు పోసి, గాలి బుడగలు పోయాక మిగతాది నింపండి. కాలితో గట్టిగా తొక్కకండి.

మట్టిముద్ద అంచు దాటేలా మొత్తం ఒక మీటరు వెడల్పున పాదు కట్టి, 10 సెం.మీ. ఎత్తు గట్టు వేయండి. పాదులో ఎండాకులు, తరిగిన కొమ్మలు, బెరడు ముక్కలు 7 నుంచి 10 సెం.మీ. మందాన కప్పండి. కాండానికి మాత్రం జానెడు ఖాళీ వదలాలి. గాలి ఎక్కువైతే రెండు వైపులా ఊతకర్రలు పాతి, మెత్తటి పట్టీతో వదులుగా కట్టి, ఏడాది తిరక్కముందే తీసేయండి. కాండం కొద్దిగా ఊగితేనే లావెక్కుతుంది.

గడ్డి నాటడం

ఇది సులువు. మడిలో కలుపు వేర్లతో సహా తీసేయండి, ఎందుకంటే దుబ్బు మధ్యలోంచి మొలిచే తుంగ, గరికను తర్వాత వేరుచేయడం చాలా కష్టం. కుదురు నేలమట్టానికి సరిగ్గా ఉండాలి, బంకనేలలో ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి. కుదురు పూడితే కుళ్లుతుంది. ఎరువు వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి, పూతకొచ్చే వేళకు దుబ్బు నడిమికి చీలి నాలుగు వైపులా పడిపోతుంది. పైన 5 సెం.మీ. మందాన కంకర పరిస్తే కుదురు పొడిగా ఉంటుంది, నేల తేమ నిలుస్తుంది.

వెచ్చదనపు గడ్డిని చలి ముందర నాటకండి. చలిలో వాటి వేరు కదలదు, తడినేలలో కుళ్లిపోతుంది. చలి పోయాకో, వానల మొదట్లోనో నాటాలి.

నీళ్లు: రెండు వేర్వేరు లైన్లు

1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి సరఫరా సంస్థ తక్కువ నీటి తోటలకు జెరిస్కేప్ అనే పేరు పెట్టింది. ఆ పద్ధతిలోని మూల సూత్రాల్లో ఒకటి, నీటి అవసరం ఒకేలా ఉన్న మొక్కలను ఒకచోట చేర్చడం. డ్రిప్పు వేస్తున్నట్టయితే చెట్లకు ఒక లైను, గడ్డికి ఒక లైను, రెండింటికీ విడివిడిగా వాల్వులు పెట్టండి.

చెట్టుకు నాటిన మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు 8 నుంచి 10 లీటర్లు, నేరుగా మట్టిముద్ద మీద పోయాలి. అప్పటికి వేరు దాని లోపలే ఉంది కాబట్టి పక్కన నేల తడిసి ఉన్నా దానికి అందదు. తర్వాత మెల్లగా ఎడం పెంచి, మూడో నెలకు వారానికి ఒకసారి 30 నుంచి 40 లీటర్లకు తీసుకురండి. మీటరు వెడల్పు పాదు, ఇసుక, బంక కలిసిన గరపనేలలో 30, 40 సెం.మీ. లోతుకు తడవాలంటే ఆ మాత్రం కావాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు, పాదు అంచున చుట్టూ పెట్టి రెండు గంటలు నడిపితే 32 లీటర్లు. రెండో ఏడాది పాదును ఒకటిన్నర, రెండు మీటర్లకు వెడల్పు చేసి, డ్రిప్పర్లను కూడా బయటికి జరిపి, పది పదిహేను రోజులకోసారి 60 నుంచి 100 లీటర్లు ఇవ్వండి. మూడో ఏడాది మూడు నాలుగు వారాలకు ఒకసారి చాలు. డ్రిప్పరును మొదలు దగ్గరే వదిలేయడం చాలా తోటల్లో కనిపించే పొరపాటు. వేరు నీటి దగ్గరకే వస్తుంది కాబట్టి ఆ చెట్టు ఎన్నేళ్లయినా బయటి నేలను పట్టుకోదు.

గడ్డికి మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు దుబ్బుకు రెండు లీటర్లు, ఆ తర్వాత ఆరు వారాలు వారానికి రెండుసార్లు కాస్త పెంచి. మొదటి ఎండాకాలం వాన లేని వారాల్లో చదరపు మీటరుకు 25 లీటర్లు, అంటే 60 సెం.మీ. దూరంలో ఉన్న ఒక్కో దుబ్బుకు సుమారు 9 లీటర్లు. రెండో ఏడాది నుంచి రెండు మూడు వారాలకోసారి ఇస్తే పచ్చగా ఉంటుంది, ఇవ్వకపోతే పడుకుంటుంది. రెండూ సరే.

ఈ అంకెలు మొదలుపెట్టడానికే. తడి పెట్టిన మర్నాడు సన్నటి ఇనుప కడ్డీని నేలలోకి గుచ్చండి. తడిసిన మేర సులువుగా దిగి, పొడిమట్టి తగలగానే ఆగిపోతుంది. చెట్టు పాదులో 40 సెం.మీ., గడ్డి మడిలో 25, 30 సెం.మీ. దిగితే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టు. ఇసుక నేలలో అంతే నీటిని రెండు సగాలు చేసి రెండు తడులుగా ఇవ్వండి. బంకనేలలో అరగంట నడిపి, గంట ఆపి, మళ్లీ నడపండి, లేకపోతే నీరు పైనే పారిపోతుంది.

వాన నీటిని మడిలోకి మళ్లించుకుంటే భారం ఇంకా తగ్గుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద 10 మి.మీ. వాన పడితే 500 లీటర్లు. అందులో కొంత చిమ్మి, ఆవిరై పోయినా ఒక చెట్టుకు కొన్ని వారాలు నిలిచే తడి అది.

దాహం ఎలా తెలుస్తుంది

గడ్డి నిజం చెబుతుంది. మధ్యాహ్నం ఆకు సూదిలా చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే ఇబ్బంది లేదు, అది ఎండ నుంచి తనను కాపాడుకుంటోంది. తెల్లవారి కూడా చుట్టుకునే ఉంటే నీళ్లు పెట్టండి, లేదా పడుకోనివ్వండి. మొదటి ఏడాది మొక్కను మాత్రం పడుకోనివ్వకూడదు.

సతతహరిత చెట్టు ఆలస్యంగా చెబుతుంది. గట్టి ఆకు వాడినట్టు వేలాడదు. మెరుపు తగ్గి మసకబారడం, లేత చిగుర్లు పొట్టిగా రావడం, కాలం కాని కాలంలో లోపలి ఆకులు పండి రాలడం, ఇవే గుర్తులు. సైప్రస్, జునిపర్ ఇంకా మోసం చేస్తాయి. కొమ్మ గోధుమరంగుకు తిరిగేసరికి అది ఎండిపోయి వారాలు గడిచి ఉంటుంది, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ కొమ్మ తిరిగి పచ్చబడదు. అందుకే మొదటి మూడేళ్లు చెట్టును చూసి కాకుండా కడ్డీ గుచ్చి నీళ్లు పెట్టాలి. అయితే నీళ్లెక్కువైనా ఆకు పసుపుబారి రాలుతుంది. కడ్డీకి బురద అంటుకుని, నేల పుల్లటి వాసన కొడుతుంటే తడి ఆపేయండి. గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతాల్లో నేల బిగుసుకోకముందు ఒక నిండు తడి ఇవ్వడం మరవకండి. ఆకు నీరు వదులుతూనే ఉంటుంది, గడ్డకట్టిన నేల నుంచి వేరు తెచ్చుకోలేదు.

కోత, కత్తిరింపు

వెచ్చదనపు గడ్డిని కొత్త పిలక కదిలే ముందు, నేలకు 10, 15 సెం.మీ. ఎత్తున కోయాలి. మంచు ప్రాంతాల్లో అది చలి చివర, ఎండా వానలే ఉండే చోట మొదటి వానలకు కాస్త ముందు. నడి ఎండాకాలంలో కోస్తే కుదురుకు నీడ పోయి మాడిపోతుంది. ముందుగా దుబ్బును తాడుతో మోపులా బిగించి కట్టి, ఆ కట్టు కింద కోస్తే చెత్త చిందరవందర కాదు. ఆకు అంచుల్లో రంపపు పళ్లలాంటి గరుకు ఉంటుంది, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. బ్లూ ఫెస్క్యూ లాంటి చల్లదనపు రకాలను నేలబారుగా కోయకండి. వేళ్లతో దువ్వి ఎండు ఆకు లాగేయండి, మరీ పాడైతే పైనుంచి మూడో వంతు తీయండి.

మూడు నాలుగేళ్లకు దుబ్బు నడుమ బోసిపోయి గుండ్రటి కిరీటంలా మిగులుతుంది. అప్పుడు మొత్తం లేపి, పదునైన పారతోనో రంపంతోనో చీల్చి, నడిమి ఎండు భాగం పారేసి, అంచు ముక్కలను ఒక్కోదానికి అయిదారు పిలకలుండేలా తిరిగి నాటండి. వానల మొదట్లోనో, చలి పోయాకో చేయాలి, బెట్టలో అసలు చేయకూడదు.

చెట్టు కొమ్మలు మొదటి రెండేళ్లు చచ్చినవి, ఒరుసుకునేవి తప్ప ముట్టుకోకండి. ఆకే వేరుకు తిండి. ఆ తర్వాత కూడా ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించి పచ్చదనం తీయవద్దు. వేప, పొగడ, ఆలివ్ ముదురు కొమ్మ నరికినా మళ్లీ చిగురిస్తాయి. సైప్రస్, పైన్, జునిపర్ ఆకులేని పాత కొమ్మ నుంచి చిగురించవు. వాటిని ఆకు ఉన్న మేరలోనే, కొసలు కొద్దికొద్దిగా కత్తిరించాలి. ఒక్కసారి బోసి కొమ్మదాకా నరికితే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది.

నాలుగో ఏడాది నుంచి చెట్టు లైను వాల్వు కట్టేసి, మామూలు కంటే నెల రోజులు ఎక్కువగా వాన మొహం చాటేసినప్పుడు మాత్రమే తెరవండి. ఆ ఒక్క తడి కూడా చెట్టు మొదలు దగ్గర పోయకుండా, కొమ్మల అంచు నీడ పడేచోట, చుట్టూ పారేలా ఇవ్వండి. చెట్టు నీడ పెరిగి ఆ అంచున ఉన్న గడ్డి సన్నబడుతుంటే నీళ్లతో దాన్ని నిలబెట్టే ప్రయత్నం వద్దు. వానలు రాగానే లేపి ఎండలోకి జరిపి, ఆ జాగాను రాలిన ఆకులకు వదిలేయండి.